వేట సోమవారం

డెల్మర్ హ్రుస్కా అబద్ధం ఆడలేని మనిషి. అది దేవుడిచ్చిన వరం అంటాడు మా పాస్టరు. డిసెంబరు చలిలో ఆయన ఇంటి హీటరు ఎందుకు ఆగిపోయిందో తెలిసినదాన్ని కనుక నేను అంత తేలిగ్గా అనలేను.

మా ఊరి సీసాల ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్కేళ్లు కొలిమి దగ్గర పనిచేశాడాయన. అక్టోబరులో కొలిమి ఆర్పేసి గేటుకు తాళం వేశారు. ప్యాకింగులో ఉన్న నాకూ అదే రోజు ఉద్యోగం పోయింది. ఆయన భార్య లొరీన్‌కి ఊపిరితిత్తుల జబ్బు. ఇల్లు చల్లబడితే ఆమెకు ఊపిరాడదు. నిరుద్యోగ భృతి వస్తేనే ఆ ఇంటి హీటరు మండడానికి నూనె.

ఆ భృతి ఊరికే రాదు. వారం వారం ఆఫీసువాళ్లు కంప్యూటరులో అడిగినదానికి జవాబు చెప్పాలి. ఈ వారం ఏమైనా పని చేశావా, వచ్చిన పని వద్దన్నావా, ఎక్కడెక్కడ పని అడిగావు, పని దొరికితే చేరడానికి ప్రతిరోజూ సిద్ధంగా ఉన్నావా? డెల్మర్ కంప్యూటరు ముట్టుకోడు. ఆదివారం చర్చి కాగానే మా వంటింట్లో కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, కోర్టు బోనెక్కినవాడిలా జవాబులు చెప్పేవాడు. నేను చదివి నొక్కేదాన్ని.

నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు మా కొండల్లో బడి ఉండదు, ఫ్యాక్టరీ ఎన్నడూ నడవలేదు, చచ్చినవాళ్లను పూడ్చడం కూడా బుధవారానికి వాయిదా వేస్తారు. డెల్మర్ ఎప్పటిలాగే తండ్రి కట్టిన కొండమీది గుడిసెకు పోయి, మంగళవారం సాయంత్రం కొమ్ముల జింకతో దిగాడు. ఆ ఆదివారం ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"సోమ, మంగళ కొండ మీదున్నా. సిద్ధంగా ఉన్నానని ఎట్లా చెప్పేది?"

"ఆ రోజు నిన్ను పనికి పిలిచేవాడెవడు? పిలవాల్సినవాళ్లూ కొండ మీదే ఉంటారు. అవునని నొక్కుతున్నా."

"అక్కడ ఫోను పలకదు. లేదని నొక్కు."

నీ ఖర్మ అని, లేదనే నొక్కేశాను. నా సంగతీ చెప్పాలి. అదే సోమవారం నేను రెండు గంటల దూరాన మా అక్క ఇంట్లో, వాళ్లు తెచ్చిన వేటమాంసం కోస్తూ ఉన్నాను. ఫోను ఇంట్లోనే మరిచిపోయాను. నా జవాబుల్లో మాత్రం ఆలోచించకుండా అవునని నొక్కాను. నా డబ్బు బుధవారానికల్లా వచ్చింది, దాంతో మా ఇంటికి నూనె పోయించాను.

ఆయనది ఆగింది. ఆ ఒక్క వారానిదే కాదు, విచారణ తేలేదాకా తర్వాతి వారాలదీ. అయిదు వారాల తర్వాతి ఫలానా రోజు పొద్దున అధికారి ఫోను చేస్తారని ఉత్తరం వచ్చింది. ఈలోగా నూనె అయిపోయింది. నేను పోయిస్తానంటే డెల్మర్ ఒప్పుకోలేదు. పోట్లాడి పోట్లాడి లొరీన్‌ని మాత్రం మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన ఆ మంచుగడ్డలాంటి ఇంట్లోనే కోటు వేసుకుని పడుకునేవాడు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండిపోయేది.

చెప్పిన రోజున డెల్మర్ ఫోను మా వంటింట్లోనే మోగింది; నేను స్పీకరులో పెట్టాను. అధికారిణి గొంతు మెత్తగానే ఉంది. ఆ సోమవారం ఎవరైనా పనికి పిలిచి ఉంటే కొండ దిగి వచ్చేవారా అని అడిగింది. దారి చూపిస్తోందని నాకర్థమైంది. అవునను, అవునను అని ఎదురుగా తల ఊపాను.

"కబురు అందితే వచ్చేవాణ్ణి," అన్నాడు డెల్మర్. "అందదు మేడమ్. అందదని తెలిసే పోయాను."

ఆవిడ, అయితే ఆ రోజు మీ ఊళ్లో పనికి సిద్ధంగా ఉన్నవాళ్లు అసలెవరైనా ఉన్నారా అంది. డెల్మర్ నా వంక చూశాడు. నేనెక్కడున్నానో ఆయనకు తెలుసు. మా అక్క పంపిన మాంసం ఆయనకూ ఇచ్చాను. నేను తల ఊపడం ఆపేశాను.

"నా సంగతి నేను చెప్పాను. ఊరి సంగతి ఊరిని అడగండి," అన్నాడు.

పది రోజులకు తీర్పు వచ్చింది. ఆ వారానిది ఇవ్వరు, మిగతా వారాలది ఇస్తారు. నూనె ట్యాంకు నిండింది. లొరీన్‌ని తీసుకెళ్లడానికి డెల్మర్ వాకిట్లో ట్రక్కు వేడెక్కిస్తున్నాడు. ఆమె నా సోఫా మీద దుప్పటి మడతపెడుతూ, మధ్యమధ్య ఊపిరికోసం ఆగుతూ అడిగింది.

"ఆ సోమవారానికి నువ్వేం నొక్కావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అవుననే."

"మంచిపని చేశావు," అంది లొరీన్, కిటికీలోంచి మొగుణ్ణి చూస్తూ. "నువ్వూ ఆయనలాంటిదానివే అయితే, ఇన్నాళ్లూ నేనెక్కడ పడుకునేదాన్ని?"