రహీం తిన్న రెండు పళ్లేలు

జగ్గయ్యపేటలో బస్సెక్కగానే పక్క సీటు పెద్దాయనకు నా కార్గిల్ యుద్ధం కథ చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి నేను విజయవాడ దాటి ఎరగను. ఒంటరిగా కొండెక్కి, శత్రువుల టీ కూడా తాగొచ్చానంటే పడీపడీ నవ్వాడు.

"మరి చలికెట్టా ఆగావయ్యా?"

"పచ్చిమిరపకాయలు నమిలానండి."

"అక్కడ మాకా ఉపాయం తట్టలేదే."

ఆయన నిజం సిపాయని తెలిసి కథ ఆపేశాను.

"ఆపకయ్యా. నాతోటి సిపాయి రహీం ఆ కొండ మీదే ప్రాణం వదిలాడు. నీ కథలోనన్నా వాణ్ణి ఇంటికి తీసుకురా."

నందిగామ వచ్చేలోగా రహీంని వీపున మోసుకొచ్చి, వాళ్లమ్మ ముందు కూర్చోబెట్టి, నాలుగు పళ్లేల బిర్యానీ తినిపించాను.

"రెండే తింటాడులే," అని నవ్వుతూ దిగిపోయాడు పెద్దాయన.

ఇప్పటికీ చెప్పిన ప్రతిసారీ ఆ కథలో అన్నీ మారుస్తాను. రహీం ఇంటికి రావడం, రెండు పళ్లేలు తినడం మాత్రం మార్చను.