పిన్నిగారి వరండా బండ

నాంపల్లిలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు పోయిన వారం కన్నుమూశారని వాళ్ల అమ్మాయి కార్డు రాసింది. చివరి రోజు పొద్దున కూడా పాలు నీళ్లగా ఉన్నాయని పాలవాడితో పోట్లాడారట. కళ్లు తుడుచుకుంటూ ఆ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చింది. ఆవిడ అలాంటివారే.

వాళ్లది తరతరాలుగా హైదరాబాదే. నేను గుడివాడ నుంచి వచ్చినవాణ్ణి. మా వైపు అలవాటు కొద్దీ మొదటిరోజే పిన్నిగారూ అని పిలిచాను.

"పిన్నిగిన్ని తర్వాత. ముందుగాల నా షాబాదు బండల మీద పులుపు పడొద్దు. గది యాదుంచుకో" అన్నారు.

షాబాదు బండ అంటే సున్నపురాయి. నిమ్మరసం చుక్క పడ్డా తెల్లటి మచ్చ తేలుతుంది. నేను పులుసు గిన్నెతో గడప దాటితే చాలు, "మీ ఆంధ్రోళ్లకు పులుసు లేకుంటే ముద్ద దిగదా ఏంది?" అంటూ వెనకాలే వచ్చేవారు. మర్నాడు తనే గిన్నెడు పచ్చిపులుసు పంపేవారు, కింద పళ్లెం పెట్టి మరీ.

అప్పట్లో నాకు గన్‌ఫౌండ్రీలో రాళ్లను పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో తాత్కాలిక ఉద్యోగం. సున్నపురాతి పొరల్లో చమురున్నా, రాయి మరీ బిగువుగా ఉంటే అది బావిలోకి రాదు. అందుకని గట్టి ఒత్తిడితో యాసిడ్ పంపి రాతిని చీలుస్తారు. ఒత్తిడి తీసేశాక పైనున్న నేల బరువుకి ఆ చీలిక నొక్కుకుపోతుంది. నొక్కుకున్నాక కూడా దారి మిగులుతుందని రెండు బండ ముక్కలతో చేసి చూపించమన్నాడు మా అధికారి. సోమవారం చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే గుడివాడ వెళ్లి మామయ్య బియ్యం కొట్లో కూర్చోవాలి. మామయ్య నోరు ఎరిగినవాడెవడూ అందుకు ఒప్పుకోడు.

అబిడ్స్ అంతా తిరిగి మచ్చా చారా లేని బండ ముక్కలు ఏరి తెచ్చాను. అద్దంలా నూరించాను. రెండిటి మధ్య యాసిడ్ పోస్తే బుసబుసా పొంగింది. తీరా నేల బరువుకి బదులుగా మరలు బిగించి నీళ్లు పోస్తే చుక్క దిగలేదు. మూడు జతలు అలాగే పాడయ్యాయి. ఆదివారం పెరట్లో తల పట్టుకు కూర్చున్నాను. ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పిన్నిగారు వచ్చారు. తిడతారనుకున్నాను. సంగతంతా విని, ఒక ముక్క మీద వేలు పెట్టి రాశారు.

"గింత సాఫు చేస్తే అతుక్కపోవా? ఇటు రా" అని అంట్లు తోమే చోటికి తీసుకెళ్లారు. ఏళ్లతరబడి పులుసు గిన్నెలు కడిగిన నీళ్లు పడి అక్కడి బండ గుంటలు పడింది. "జర జూడు. అంత ఒక్క తీరుగ తిన్నదా? మెత్తటి తావు తిన్నది, గట్టి చార గట్లనే ఉన్నది. దీని మీద ఇంకో బండ ఏసినా నడుమకెల్లి నీళ్లు పోతయ్ బిడ్డా."

నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, పూర్తిగా మరిచిపోయిన విషయం అది! చార లేని బండ కావాలని పట్టుబట్టి, యాసిడ్ అంతటా సమానంగా తినేలా నేనే చేసుకున్నాను. చారల బండ కొందామంటే ఆదివారం దుకాణాలన్నీ మూత. పిన్నిగారు వరండాలో తను కూర్చునే చోటున్న నల్లచారల బండ చూపించి, చేతికి గడ్డపార ఇచ్చారు.

నాకు చెయ్యి రాలేదు. "దీని మీద యాసిడ్ పోస్తానండీ" అన్నాను.

"ఎరుకే. నిమ్మకాయ పిండితేనే నాకు పాణం పోయినట్టయితది. గని నీ నౌకరి పోతే అంతకన్న ఎక్కువైతది. జల్ది పీకు."

ఆ బండని రెండు ముక్కలు చేసి మధ్య యాసిడ్ పోశాను. సోమవారం అధికారి ముందు మరలు బిగిసినంతా బిగించాను. నీళ్లు సన్నటి ధారగా దిగాయి. అధికారి ధార కింద అరచెయ్యి పట్టి, ఈ ఉపాయం ఎవరిదని అడిగాడు. మా పిన్నిగారిదన్నాను. నవ్వి నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు చమురు బావుల దగ్గరికి వచ్చే కొత్తవాళ్లకి ముందుగా ఆవిడ అంట్ల బండ సంగతే చెబుతాను. అలా చెబుతున్నానని ఆవిడకి ఒక్క ఉత్తరమైనా రాయలేదు. ఆ బాధ పోదు.

ఆ సోమవారం సాయంత్రం దాదాపు పరుగున ఇంటికొచ్చాను. బండ తీసిన చోట మట్టి తడిపి, కొంగు నడుముకి దోపుకుని, పిన్నిగారు కాళ్లతో తొక్కుతున్నారు.

"వచ్చినయా నీళ్లు?"

"వచ్చాయండీ!"

ఆవిడ ఆగలేదు. పకపకా నవ్వుతూ ఇంకా గట్టిగా తొక్కారు. "నిలబడి చూస్తవేంది? నువ్వు గూడ దిగు."

బూట్లు విప్పి దిగాను. జారకుండా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, చీలమండల దాకా మట్టితో, వీధిదీపాలు వెలిగేదాకా తొక్కాం.