గాజు వేసుకోని చెయ్యి

కంకిపాడు చుట్టుపక్కల వరికోతలకు జక్కయ్య పదహారేళ్లు మేస్త్రీగా ఉన్నాడు. ముఠాలో ఇరవైమంది. పొద్దున్నే పేటలోకి వచ్చి అతను ఎవరి పేరు పిలిస్తే వాళ్లకే ఆరోజు పని. గుత్తకు కోసి సమంగా పంచుకునేవాళ్లు గనక ఒక్క చెయ్యి వెనకబడినా మిగతావాళ్లు ఊరుకునేవారు కాదు.

తొంభై ఆరు డిసెంబరులో గాలివానకు పడిపోయిన చేను కోస్తుండగా ముఠాలోని మణెమ్మ చేతిలో కొడవలి జారింది. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. నెలకల్లా గాయం మానింది గానీ నొప్పి మానలేదు. గాజు తగిలినా, కొంగు రాసుకున్నా మంట. వరి ఆకు తగిలితే కరెంటు కొట్టినట్టు అరిచేది. అదే చేత్తో మోపు మాత్రం ఎత్తి నెత్తిన పెట్టుకునేది. జక్కయ్యకు అనుమానం అక్కడే వచ్చింది.

“మోపెత్తే చేతికి ఆకు తగిలితే నొప్పేంటే? ఎవరికి చెబుతున్నావ్?” అన్నాడు చేలో అందరి ముందూ.

“గట్టిగా పట్టుకుంటే ఓర్చుకుంటానన్నా. రాసుకుంటేనే ప్రాణం పోతంది.”

“మహారాణిగారికి పట్టుచీర రాసుకుంటే నొప్పుండదేమో!” అంది పక్కన కోస్తున్న సుబ్బరత్నం. ముఠా అంతా నవ్వింది.

బెజవాడలో చూసిన డాక్టరు కూడా, గాయం మానిందిగా, ఇంక మనసులో పెట్టుకోకన్నాడు. జక్కయ్యకు ఆ మాట చాలింది. ఆసామి నడుం నొప్పంటే ఊరంతా నమ్ముతుంది. కూలిమనిషి నొప్పయితే చీమూ నెత్తురూ కనబడాలి. తనూ కూలివాడే అయిన జక్కయ్య ఆసామిలాగే ఆలోచించాడు. మర్నాటి నుంచి మణెమ్మ పేరు పిలవలేదు. పది రోజులు ఆమె కొడవలి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పది రోజులూ అతను తల తిప్పుకుని దాటిపోయాడు. ఆ తర్వాత ఆమె పామర్రులో అక్క పంచన చేరి కూరగాయలు అమ్ముకుంది.

పదేళ్లలో కోత మిషన్లొచ్చి ముఠా చెదిరిపోయింది. జక్కయ్య కూతురు కృప బెజవాడలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలో చేరింది. రెండువేల ఏడు మే నెలలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తింటూ, తన సెమినారు సంగతి తండ్రికి చెప్పింది.

“నరం తెగితే ఆ కబురు వెన్నెముక పక్కనున్న నరం కణం దాకా పోతుంది నాన్నా. అక్కడ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లని కొన్ని ప్రొటీన్లుంటాయి. నీలాంటి మేస్త్రీలే అనుకో. ఏ జీను పనిలోకి రావాలో, ఏది ఊరుకోవాలో అవే చెబుతాయి. దెబ్బ తగలగానే ఊరుకున్నవాటిని కొన్నిటిని పిలుస్తాయి, నరం బాగుపడ్డానికి. కొందరికి పుండు మానినా ఆ పిలుపు ఆగదేమోనంటున్నారు. నరం తీరే మారిపోయి, మెత్తటి గుడ్డ రాసుకున్నా మంటే. ఎలుకల్లో చూశారు. మనుషుల్లో ఇంకా తేలాల్సింది చాలా ఉంది.”

“మరి గట్టిగా పట్టుకుంటే?”

“కొందరు ఓర్చుకుంటారట. రాసుకుంటేనే భరించలేరు. ఏం నాన్నా?”

జక్కయ్య ముద్ద కంచంలోనే వదిలేశాడు.

మర్నాడు పామర్రు బస్సెక్కాడు. మణెమ్మ గదిలో ఫ్యాను ఆపేసి ఉంది. ఎండ మండిపోతున్నా ఆ గాలి కూడా ఆమె చేతికి పడదు. కుడిచేతికి నాలుగు మట్టిగాజులున్నాయి, ఎడమచేతికి ఒక్కటీ లేదు. కృప చెప్పిందంతా అతను తడబడుతూ చెప్పాడు.

ఆమె చివరిదాకా విన్నది.

“నేను చెబితే నమ్మలేదు. ఎలుకలు చెబితే నమ్మావన్నమాట.”

“తప్పయిపోయిందమ్మా. ఆరోజు అందరి ముందూ అన్నాను. మళ్లీ అందరి ముందే ఒప్పుకుంటా.”

“ఎవరి ముందు ఒప్పుకుంటావన్నా? సుబ్బరత్నం వదిన పోయి మూడేళ్లయింది. ముఠా ఏది?”

జక్కయ్య ఆమె చెయ్యి పట్టుకోబోయి, మధ్యలోనే ఆగి, వెనక్కి తీసుకున్నాడు. చెమట కారిపోతున్నా ఫ్యాను వెయ్యమనలేదు. బస్సు వేళయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.