కంప్యూటరుకు పెట్టిన కుంకుమ

ఏడేళ్ళుగా ఒక మాట మింగి తిరుగుతున్నాను. అది అరగదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీకూడదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలుగులో రాయడానికి కూడా ఒక కారణం ఉంది, దాన్ని చివర చెబుతాను, సిగ్గుగా ఉంది.

నేను పుదుచ్చేరిలో ఒక స్టేషన్లో రైటర్ని. లాఠీ పట్టే పోలీసుని కాదు, కాగితం పట్టే పోలీసుని. కేసులో పట్టుకొచ్చిన వస్తువుకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి, ఇత్తడి సీలు గుద్ది, గదిలో పెట్టి తాళం వేయడం నా పని. కత్తికైనా కంప్యూటరుకైనా మాది ఒకటే పద్ధతి. కానీ కత్తిని ముట్టుకుంటే కత్తి చెప్పదు. కంప్యూటర్ చెబుతుంది.

ఆ కంప్యూటర్ కాలాపేటలో ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసుది. ఓనరు దొంగ పత్రాలు పుట్టించి ఒకే ప్లాటును ముగ్గురికి నలుగురికి అంటగట్టాడు. కొన్నవాళ్ళలో చేపలు పట్టుకు బతికేవాళ్ళే ఎక్కువ. సంగతి బయటపెట్టింది ఆ ఆఫీసులో టైపు చేసే విజయక్క. నటేశన్ నగర్లో మా వీధే. మా ఇంట్లో మాట్లాడే తెలుగే. భర్త వదిలేసి పోయాడు, ఆ జీతంతోనే ఇల్లు నడిచేది. పోలీసంటే ఆమెకు నేనే, అందుకని భయపడుతూ నా దగ్గరికే వచ్చింది. నేనున్నానని ధైర్యం చెప్పాను. పాస్‌వర్డ్ కూడా చీటీ మీద రాసిచ్చింది. పదేళ్ళ నాటిదని ఓనరు చెప్పే పత్రం అంతకు ముందు ఏడే టైపు చేసినదని ఆ కంప్యూటర్లోని తేదీలే చెప్పాలి. కేసుకు ప్రాణం ఆ తేదీలే.

డిస్కుకు వేలిముద్ర లాంటి ఒక నంబరు తీసి, పట్టుకున్న రోజే రాసి పెట్టాలి. తరవాత లోపల ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. ట్రైనింగులో చెప్పారు, నేను నోట్సు కూడా రాసుకున్నాను. మా దగ్గర ఆ పరికరం లేదు. ల్యాబువాళ్ళు తీస్తారులే అని సీలు వేసి గదిలో పెట్టాను. ల్యాబుకు పంపేలోగా ఆయుధపూజ వచ్చింది.

ఆ రోజు మా స్టేషన్లో తుపాకి నుంచి జెరాక్స్ మిషన్ దాకా అన్నీ తుడిచి, గంధం పూసి, కుంకుమ పెడతాం. పెట్టిన ప్రతి మిషన్నీ ఒకసారి నడపాలి. నడవని మిషన్‌కి పూజ దండగ అనేవాడు మా పాత రైటర్. గదిలో మూటగట్టి ఉన్నదాన్ని ఒక్కదాన్నే వదిలేయడం నాకు అరిష్టంగా తోచింది. నిజంగా అంతేనా? దొంగ పత్రం ఎలా ఉంటుందో చూడాలన్న దురద కాదా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాకు నేనే సరిగ్గా జవాబు చెప్పుకోలేదు. సీలు కోశాను. బొట్టు పెట్టాను. ఆన్ చేసి, చీటీ చూసి పాస్‌వర్డ్ కొట్టి, ఒక పత్రం తెరిచాను. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అది అడిగింది. కరెంటు పోయి ఎన్ని రిపోర్టులు పోగొట్టుకున్నానో, ఏ మిషన్ ఆ మాట అడిగినా నా వేలు అవునని కొడుతుంది. కొట్టింది. తరవాత మళ్ళీ గుడ్డ చుట్టాను, మళ్ళీ సీలు గుద్దాను. సీలు నా చేతిలోనే ఉంది కదా.

మధ్యాహ్నం విజయక్క వచ్చింది. ప్రసాదానికి రమ్మని పిలిచింది నేనే. రిజిస్టర్లో సంతకం పెట్టి, పొరి అని మేమనే బొరుగుల పొట్లం తీసుకొని, పది నిమిషాల్లో వెళ్ళిపోయింది.

కోర్టులో ఓనరు వకీలు ల్యాబు రిపోర్టు తెరిచాడు. పత్రం చివరిసారి మారిన తేదీ ఆయుధపూజ. కంప్యూటర్ అప్పటికి మా గదిలో ఉంది. ఆ రిపోర్టులో ఒక ఫొటో కూడా ఉంది, మిషన్ నెత్తిన కుంకుమ బొట్టుతో. సీలు వేసిన మిషన్‌కి బొట్టెలా వచ్చిందని అడిగాడు. నా పేరు అప్పుడు ప్రమోషన్ లిస్టులో ఉంది. గది కడిగించడానికి వస్తువులు హాల్లో పెట్టామనీ, నేను భోజనానికి వెళ్ళాననీ, ఆ కాసేపట్లో ఎవరు విప్పారో తెలీదనీ చెప్పాను. ఆ రోజు బయటివాళ్ళు ఎవరైనా వచ్చారా అన్నాడు. రిజిస్టర్ చూసి విజయక్క పేరు చెప్పాను. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి. కుంకుమంటే ఆడమనిషి చెయ్యే అనుకుంటారు. మళ్ళీ సీలు వేసిందెవరని మాత్రం వకీలు అడగలేదు. ఆయనకు కావలసింది దొరికింది.

బయట వరండాలో విజయక్క నా కోసం నిలబడి ఉంది. కోపం లేదు ఆమె ముఖంలో. ఏదో పొరపాటు జరిగింది, నేను దిద్దుతాను అనుకుంటోంది.

"ఏంది తమ్ముడా అట్ల చెప్పినావు? నేను పొరి పొట్లం తీసుకొని పోయినాను కదా. ఆ మిషన్ యాడ ఉండాదో కూడా నాకు తెలీదే."

"రిజిస్టర్లో నీ పేరుండాది అక్కా," అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు పిలిస్తేనే కదా వచ్చినాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఓనరు విడుదలయ్యాడు. కంప్యూటర్ నమ్మదగింది కాదనీ, ఓనరు మీద పగతో ఉన్న సాక్షి దాన్ని తాకి ఉండవచ్చుననీ తీర్పులో రాశారు. ఆ ఒక్క వాక్యం చాలింది. ఊళ్ళో ఏ ఆఫీసూ ఆమెను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టలేదు. ప్లాట్లు కొన్నవాళ్ళు కూడా ఓనర్ని వదిలేసి, ఆమె ఇంటి ముందుకు వచ్చి అరిచారు. నేను మా కిటికీ మూసుకున్నాను. నాకు అజాగ్రత్తకని ఒక మెమో ఇచ్చారు. మరుసటి ఏడు ప్రమోషన్ కూడా ఇచ్చారు.

ఇప్పుడామె ముదలియార్‌పేటలో ఒక జెరాక్స్ షాపులో నిలబడి పనిచేస్తోంది. ఆ వీధిలోకి నేను వెళ్ళను. రిజిస్టర్లో ఉన్న పేరే చెప్పాననీ, కేసు ఎలాగూ నిలిచేది కాదనీ చాన్నాళ్ళు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. సోది. ఒక మనిషి నన్ను నమ్మింది, నేను ఆమెను అమ్ముకున్నాను. కుర్రకానిస్టేబుళ్ళకు సాక్ష్యాలు ఎలా భద్రం చేయాలో ఇప్పుడు పాఠం చెప్పేది నేనే. వాళ్ళు నోట్సు రాసుకుంటారు.

ఇక ఆ కారణం. మా నాయన పలక మీద దిద్దించాడు కాబట్టి నాకు ఈ అక్షరాలు వచ్చు. మా డిపార్టుమెంటులో ఇవి చదివేవాడు ఒక్కడూ లేడు. విజయక్క తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. చూశారా, ఒప్పుకోవడానికి కూడా ఎవరికీ దొరకని చోటే వెతుక్కున్నాను. దీన్ని మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించాల్సింది మీరు కాదు.

కోర్టులో చెప్పాల్సింది ఇంతే. సీలు విప్పింది నేను. బొట్టు పెట్టింది నేను. సేవ్ కొట్టింది నేను. విజయక్క బొరుగుల పొట్లం తీసుకొని పది నిమిషాల్లో వెళ్ళిపోయింది.