దేనికీ కాదనని భాష

"నీ భాష దేనికైనా కాదంటుందా అసలు?" అని ప్రాజెక్టులో అతనికి జతపడిన అమ్మాయి ఓసారి అడిగేసింది. "ఎందుకనాలి, పాపం?" అన్నాడతను. కంప్యూటర్ భాషల క్లాసు కోసం ఇద్దరూ కలిసి కొత్త భాషొకటి తయారుచేస్తున్నారు. మనిషి పొడుగు, కొంచెం వంగి నడుస్తాడు. లైబ్రరీలో ఎవరైనా కుర్చీ అడిగితే ఇచ్చేసి, కిటికీ గట్టుమీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడే టైపు చేస్తాడు. జనం దీన్ని మంచితనమంటారు; చాలావరకు మొహమాటమే. అతను రాసిన భాషా అంతే. అందులో ఎంత తప్పుగా రాసినా, ఏదో ఊహించుకుని జవాబు చెప్పేస్తుంది.

ప్రోగ్రెస్ రిపోర్టు ఇవ్వాల్సిన సాయంత్రం, "ఇంకా కానివి" అన్నచోట అతను "ఏమీ లేవు" అని రాశాడు. అది చూసి ఆమె కీబోర్డు లాక్కుని, మూడుకి "మామయ్య"ను కలపమని టైపు చేసింది. తెరమీద నాలుగు అని వచ్చింది.

"మామయ్య ఒక్కడే కదా అని ఒకటి వేసుకుంది," అన్నాడతను కాస్త గర్వంగా.

"నీ మొహం! మేడం ఇదే కొట్టి చూస్తే ఇద్దరం ఫెయిలవుతాం. తప్పును తప్పనడం దీనికి ఇంకా రాదని రాయి, నాయనా."

అతను కాసేపు గోళ్లు కొరుక్కుని, "ఏమీ లేవు" చెరిపేసి ఆమె చెప్పినట్టే రాశాడు. వచ్చే వారానికి నేర్పుతామని కూడా చేర్చాడు. రిపోర్టు పంపి గదికి వచ్చాక, తనతో ఉండే స్నేహితుడు "అద్దె సంగతి..." అని నసిగేలోపే, "పర్లేదులే, ఉన్నప్పుడు ఇద్దువుగాని" అనేశాడు. ఆ స్నేహితుడు తన వాటా కింద మూడు నెలల అద్దె ఇంకా బాకీ ఉన్నాడు.