కత్తెర మామయ్య ఎదురుచూసిన ఏడుపు

ఆ వీధి పిల్లలందరికీ అతను కత్తెర మామయ్య. పెద్దవాళ్ల జుట్టు ఎవరైనా కత్తిరిస్తారు. పసిబిడ్డ తల ముట్టుకోవాలంటే మాత్రం అందరూ అతని సెలూన్‌కే వచ్చేవారు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి బిడ్డను కూర్చోబెట్టేవాడు. బిడ్డ గుక్కపట్టబోతుంటే కత్తెరను గాలిలో కిచకిచలాడించి, అదిగో పిచ్చుక అంటూ పైకప్పు వైపు చూసేవాడు. బిడ్డా చూసేది. లేని పిచ్చుకను వెతికేలోగా ఒక చెవి పక్క పని అయిపోయేది. ఏడుపు మరిపించడం దేవుడు తన చేతికిచ్చిన వరమని అతని నమ్మకం. ఆయన్ని ఒకసారి తలుచుకున్నాకే రోజూ కత్తెర పట్టేవాడు.

లేకలేక పుట్టిన సొంత కూతురు మాత్రం ఆ పిచ్చుకకు లొంగలేదు. ఇంకా నడక రాలేదు గానీ, కత్తెర చప్పుడైతే చాలు, పాక్కుంటూ వచ్చి తండ్రి మీసం పట్టుకుని వేలాడేది.

"ఊళ్లో పిల్లలందర్నీ కుదురుగా కూర్చోబెడతారే, మీ కూతుర్ని ఒక్క నిమిషం కూర్చోబెట్టండి చూద్దాం" అని భార్య దెప్పేది.

అలాంటి పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. వాటి వెనకే విరేచనాలు. పాలు పడితే పాలు, నీళ్లు పడితే నీళ్లు, తాగినవి తాగినట్టే కక్కేసింది. సెలూన్‌లో ఈ సంగతి చెప్పగానే అక్కడున్న ప్రతివాడూ వైద్యుడైపోయాడు. పళ్లు వస్తున్నాయేమో అన్నాడొకడు. వేడి చేసిందన్నాడు ఇంకొకడు. కుర్చీలో ఉన్న పెద్దాయన, కడుపుకు కాస్త విశ్రాంతి ఇవ్వమన్నాడు. లోపలికి ఏమీ వెళ్లకపోతే బయటికి ఏం వస్తుందని అడిగాడు. ఆ మాట కత్తెర మామయ్యకు సబబుగా తోచింది. మర్నాడు పొద్దుటి నుంచీ బిడ్డకు చుక్క నీళ్లు పట్టనివ్వలేదు. నిజంగానే వాంతులు ఆగాయి. పిల్ల కుదురుగా పడుకుందని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

మధ్యాహ్నం అతను కూరగాయల బండి తోలే మనిషికి గడ్డం గీస్తుండగా, భార్య బిడ్డను భుజాన వేసుకుని పరుగున వచ్చింది.

"ఒక్కసారి కత్తెర ఆడించండి" అంది.

ఆడించాడు. పిచ్చుకను పిలిచాడు. బిడ్డ చూపు తిరగలేదు. వంగి మీసాన్ని చిన్న చేతికి అందించాడు. ఆ వేళ్లు ముడుచుకోలేదు.

బండి మనిషి ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో లేచాడు. బండిలో మిగిలిన బస్తాలను సెలూన్ గుమ్మంలో దింపేసి, మెడలో తువ్వాలుతోనే వాళ్లను ఆసుపత్రికి చేర్చాడు.

డాక్టరమ్మ బిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు. ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా అని అడిగింది. మొగుడూ పెళ్లాలు బిడ్డ కళ్ల వైపు చూశారు. ఏడుపు ఎలా ఆపాలా అని చూశారు గానీ, కన్నీళ్ల సంగతి ఎవరు చూశారు? నీళ్లు మాన్పించింది తనేనని అతనే చెప్పాడు. ఆమె కసురుకోలేదు.

"ఇది వైరస్ అండీ. దీన్ని చంపే మందు లేదు, దానంతట అదే పోవాలి. అందాకా ఒంట్లో నీరు నిలబెట్టాలి. ఈ ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో పట్టించండి. కక్కితే కాస్త ఆగి మళ్లీ పట్టించండి."

"ఇంకేం చేయమంటారమ్మా?"

"ఇంకేమీ లేదండీ. అదే."

సాయంత్రానికి తేరుకోకపోతే నరానికి సూది పెట్టి సెలైన్ ఎక్కిస్తామని చెప్పి వెళ్లింది.

మంగలికత్తి పట్టే చేత్తో కత్తెర మామయ్య చెంచా అందుకున్నాడు. ఒక చెంచా పోశాడు. మింగింది. ఇంకొకటి పోశాడు. రెండూ కలిసి అతని చొక్కా మీదికి వచ్చాయి. పక్క మంచం తల్లి, తన బిడ్డను జోకొడుతూనే, ఆరిన గుడ్డ ఒకటి చేతికందించింది. తుడిచాడు, ఆగాడు, మళ్లీ పోశాడు. చెంచాకీ చెంచాకీ మధ్య అతనికి చేయడానికి ఏ పనీ లేదు. దేవుడితో ఏం చెప్పుకోవాలో కూడా తెలియలేదు. కదిలించు తండ్రీ, అనుకున్నాడు. ఇన్నాళ్లూ పిల్లలు కదలకుండా ఉంటే చాలనుకున్న మనిషి.

కిటికీలోంచి పడే ఎండ గోడెక్కింది. సూది పెట్టేందుకు నర్సు పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. అతను మరో చెంచా అందించబోతే బిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది. పెదవి వంకర పోయింది. గొంతు లేచింది, సన్నగా, బొంగురుగా. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోని కత్తెర మీదికి పోయింది. అక్కడే ఆపుకున్నాడు. భార్య బిడ్డ మొహం మీదికి వంగింది. అతనూ వంగాడు. పొడి కళ్లు. పొడి కళ్లు. ఏడుపు సాగుతూనే ఉంది. చివరికి ఎడమ కంటి మూల ఏదో మెరిసి, కొంచెం ఆగి, జారింది.

ఎవరూ దాన్ని తుడవలేదు. నర్సు చూసి, ఇది మొదలు మాత్రమే, రాత్రంతా పట్టిస్తూనే ఉండాలంది. పళ్లెం మాత్రం అక్కడి నుంచి తీయలేదు.

చెంచా భార్యకిచ్చి అతను గుమ్మం దాకా వచ్చాడు. బండి మనిషి ఇంకా అక్కడి బల్ల మీదే కూర్చుని ఉన్నాడు, నురగ ఎండి చెంప తెల్లగా అట్టకట్టింది. పిల్లకెలా ఉందని కళ్లతోనే అడిగాడు. కత్తెర మామయ్య చెయ్యెత్తాడు. వేలితో తన కంటి కింద నుంచి చెంప మీదికి ఒక గీత గీసి చూపించాడు.

బండి మనిషి తన నురగ చెంప తడుముకున్నాడు.

"దీనిదేముంది అన్నా, రేపు గీద్దువులే. నువ్వు లోపలికి పో" అన్నాడు.