బాయన్ గోడ మీద చేపల బేరం

మా అత్త లెక్కలో ఫోను పట్టుకున్న మనిషి పనీపాటా లేని మనిషి. పొద్దెక్కాక భావనపాడు సముద్రపొడ్డు ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఎండబోసి, కాకులు వాలకుండా నేను తాటాకు పందిరి కింద కాపలా కూర్చుంటాను. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఫోను. చేపల ఇంట్లో పుట్టి, నడుమ డిగ్రీలో చరిత్ర చదివి, మళ్ళీ చేపల ఇంటికే కోడలిగా వచ్చిన దానికి ఇంతకంటే మంచి లైబ్రరీ ఎక్కడ దొరుకుతుంది?

కంబోడియా రాతిగుళ్ళ ఫొటోలు ఊరికే చూడటం మొదలుపెట్టి వాటిని కట్టిన ఖ్మేరుల చరిత్రలో కూరుకుపోయాను. మ్యూజియంల వెబ్‌సైట్లు, శాసనాల అనువాదాలు, స్కాన్ చేసిన పాత ఫ్రెంచి పుస్తకాలు, ఏదీ వదల్లేదు. ఫోను ఆ ఫ్రెంచిని తెలుగు చేస్తే ఒక వాక్యంలో రాజుగారు ఏనుగెక్కేవారు, తర్వాతి వాక్యంలో ఏనుగే రాజుగారి మీద ఎక్కేది. ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే అత్త నా వంక అనుమానంగా చూసేది.

ఒకనాడు బాయన్ అనే గుడి గోడల ఫొటోలు దొరికాయి. గోడ పొడుగునా పడవలు, వాటి కింద చేపలు, ఇంకోచోట సంత. ఆ సంతలో ఒక ఆడమనిషి చేపలు ముందు పెట్టుకొని కూర్చుంది. ఎదురుగా ఒకడు చెయ్యి చాపి బేరమాడుతున్నాడు. ఉండబట్టలేక అత్తకు చూపించాను. ఆవిడ చేతులు చీరకు తుడుచుకొని మొదటిసారి నా ఫోను పట్టుకుంది.

"ఇది గుడేనేటి?"

"గుడే అత్తా."

"గుడి గోడ మీద సేపలమ్ముకున్న ఆడదాన్ని సెక్కినారా? అయితే మనలాటి సంద్రపోళ్ళే."

అవునన్నాను. పడవా చేపా కనిపిస్తే అది సముద్రం కాక మరేమిటి? మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు వేరే ఆలోచన రాదు.

ఇక అత్తను పట్టడానికి లేదు. సంతలో ఎవరైనా ధర తగ్గించమంటే, "మమ్మల్ని గుడి గోడల మీద సెక్కినారు, నువ్వు నాతోటి బేరమాడతన్నావా" అనేది. గంప పక్కన నిటారుగా కూర్చునేది. ఆవిడను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంకాస్త చదివేసరికి నా పొరపాటు బయటపడింది. ఆ గుడి దగ్గర్లో సముద్రం లేదు. ఉన్నది తోన్లే సాప్ అనే పెద్ద మంచినీటి సరస్సు. ఆ చేపలన్నీ మంచినీటి చేపలు. చెరువు చేపను మా అత్త బురద కంపని గడప దాటనివ్వదు. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ అబద్ధం నా నోట పుట్టి సంతంతా తిరుగుతుంటే నాకు అన్నం సయించలేదు. చెబితే ఆవిడ మళ్ళీ మునుపటిలా వంగి కూర్చుంటుందేమోనని భయం.

చివరికి అత్త నెత్తళ్ళ వరస తిరగేస్తుంటే చెప్పేశాను. వానాకాలం అక్కడి నది వెనక్కి తిరిగి సరస్సులోకే పారుతుందని కూడా చెప్పాను, కాస్త తేలికపడుతుందని. నది వెనక్కి పారితే ఆవిడకేం, ముందుకు పారితే ఆవిడకేం. ఆ వరస చివరి దాకా తిరగేసి, పందిరి కిందికి వచ్చి చెయ్యి చాపింది.

"ఏదీ, మరోపాలి సూపించు."

చాలాసేపు చూసింది.

"సెరువు సేపలైతే ఏటైంది. కట్టపడే అమ్మతన్నాది కదా, అమ్మనీ," అంది. ఫోను నా చేతిలో పెట్టి, "ఆళ్ళకి సెక్కినోడున్నాడు. మనకెవడున్నాడు? రోజూ ఆళ్ళ సంగతులు సదువుతున్నావు. నా సంగతి ఒక్క ముక్క రాయలేవా?" అంది.

ఇన్నాళ్ళూ ఇదే పందిరి కింద ఆవిడ పక్కన కూర్చొని దేశం కాని దేశం గోడలు చదివాను.

"ఏటి రాయమంటావత్తా?"

"సేపల కంపని గంపతోటి బస్సెక్కనిచ్చేవోరు కాదు. పిల్లని కడుపులో ఎట్టుకుని టెక్కలి దాకా నడిసెల్లి అమ్మినాను. అది రాయి," అని, నా చేతిలోని కర్ర తీసుకొని, కాకులను తోలడానికి ఆవిడే వెళ్ళింది.